అట్ట రైల్వే భవనాలకు ఏ ప్రింటర్ కొనాలి?

మోడల్ రైల్వే లేఅవుట్ (చిన్న రైళ్లు నడిపే నమూనా) మీద నిలబెట్టే అట్ట భవనంలో ఇటుక, పెంకు, రాయి, కిటికీ చట్రం అన్నీ ప్రింటు చేసిన కాగితమే. ప్లాస్టిక్ కిట్‌కైతే రంగు మనమే వేస్తాం, నచ్చకపోతే దాని మీదే మళ్లీ వేస్తాం. అట్ట భవనానికి ఆ వెసులుబాటు లేదు. ప్రింటర్ ఏ రంగు ఇస్తే గోడది అదే రంగు. అందుకే ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ప్రింటర్ దగ్గరే సందేహాలు మొదలవుతాయి. జవాబు కోసం వాళ్లు చూసేవి పెట్టె మీద రాసిన డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు), నిమిషానికి ఎన్ని పేజీలు, కార్ట్రిడ్జ్‌కు ఎన్ని పేజీలు. మొదటిది సగం నిజమే చెబుతుంది. రెండోదానితో ఈ పనికి అవసరమే లేదు. మూడోది నమ్మితే మోసపోతాం.

ఉత్తరం ప్రింటు తీస్తే చదివి పక్కన పెడతాం. ఫొటో అయితే ఫ్రేము కట్టిస్తాం. భవనం షీటు మాత్రం ప్రింటర్‌లోంచి బయటికి వచ్చాకే అసలు కష్టాలు పడుతుంది. దాని వెనక జిగురు పూస్తారు, అట్టకు అంటించి గట్టిగా రుద్దుతారు, కత్తితో కోస్తారు, గీత నొక్కి మడుస్తారు, చెమట పట్టిన వేళ్లతో పదేపదే పట్టుకుంటారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి లైటు కింద ఉంచుతారు. ఇన్నింటికీ తట్టుకునే ప్రింటు ఏ యంత్రం ఇస్తుందన్నదే చూడాల్సిన విషయం. ఆఫీసు కాగితాలనూ ఫొటోలనూ దృష్టిలో పెట్టుకుని రాసే సమీక్షల్లో దాని ఊసే ఉండదు.

ముందు పద్ధతి తేల్చుకోవాలి

అట్ట భవనాలు కట్టే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, 80 నుంచి 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) మామూలు కాగితం మీద ఇటుకల షీటు ప్రింటు తీసి, దాన్ని 1 లేదా 2 మి.మీ. మందం ఉన్న గ్రే బోర్డుకు (బూడిద రంగు గట్టి అట్టకు) అంటించి, ఆ తర్వాత కోయడం. స్కేల్‌సీన్స్ లాంటి డౌన్‌లోడ్ కిట్లు ఎక్కువగా ఈ దారిలోనే నడుస్తాయి. రెండోది, 160 నుంచి 250 జీఎస్‌ఎం అట్ట మీద నేరుగా ప్రింటు తీసి, మడతలు పెట్టి, అంచు పట్టీలను అతికించడం. చిన్న స్కేళ్లలో ఇది తేలిక. సూపర్‌క్విక్, మెట్‌కాఫ్ లాంటి సంస్థల కిట్లు ప్రెస్సులో అచ్చయి, ముక్కలు ముందే కోసి వస్తాయి కాబట్టి వాటితో ఈ గొడవ లేదు.

ప్రింటర్‌కు ఈ రెండు పద్ధతులూ పెట్టే పరీక్షలు వేరు. మొదటిదానిలో కాగితం పలచనిది, ఏ యంత్రమైనా లాక్కుంటుంది. కానీ షీటు వెనక అంతటా జిగురు పూస్తాం కనుక ఇంకు తడికి తట్టుకోవాలి. రెండోదానిలో జిగురు పట్టీల దగ్గరే తగులుతుంది, తడి బెడద తక్కువ. అక్కడ మందపాటి అట్ట రోలర్ల మధ్య ఇరుక్కోకుండా రావాలి, మడత దగ్గర రంగు పగలకూడదు. ఒక పద్ధతికి చక్కగా సరిపోయే యంత్రం రెండోదానికి చిరాకు తెప్పించవచ్చు. ఏ ప్రింటర్ మంచిదన్న వాదనలు ఎప్పటికీ తెగకపోవడానికి సగం కారణం ఇదే. వాదించేవాళ్లు కడుతున్న పద్ధతులే వేరు.

డీపీఐ ఎంత కావాలి?

ఇక్కడ కాస్త లెక్క వేయడం మంచిది. బ్రిటన్‌లో ప్రామాణిక ఇటుక ముఖం 215 మి.మీ. పొడవు, 65 మి.మీ. ఎత్తు. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం గీత 10 మి.మీ. మోడల్ రైళ్లలో ఓఓ స్కేల్ అంటే దాదాపు 1:76, అసలు సైజులో 76వ వంతు. ఆ లెక్కన ఇటుక ఎత్తు 0.85 మి.మీ., సున్నం గీత 0.13 మి.మీ. అవుతాయి. హెచ్‌ఓలో, అంటే 1:87లో, అదే గీత 0.115 మి.మీ. బ్రిటిష్ ఎన్ స్కేల్ 1:148లో 0.07 మి.మీ. కూడా ఉండదు.

300 డీపీఐ చిత్రంలో ఒక పిక్సెల్ 0.085 మి.మీ. అంటే ఓఓలో సున్నం గీతకు వచ్చేది ఒకటిన్నర పిక్సెళ్లు. అర పిక్సెల్ అనేది ఉండదు కనుక ఒక వరసలో గీత సన్నగా, ఇంకో వరసలో లావుగా పడుతుంది. లేదంటే రెండూ కలిసి మసకగా పడతాయి. ఎన్ స్కేల్లో గీత ఒక పిక్సెల్ కన్నా తక్కువ. అక్కడ 300 డీపీఐ చిత్రం వాడితే గోడ మీద అసలు ఇటుకల్లో లేని అడ్డచారలు కనిపించడం మామూలే. 600 డీపీఐకి వెళ్తే ఓఓలో గీతకు మూడు పిక్సెళ్లు, ఎన్‌లో ఒకటిన్నరకు కాస్త పైన దొరుకుతాయి. ఈ రెండు స్కేళ్లకూ అది చాలు.

ఇక ఇంక్‌జెట్ పెట్టె మీద కనిపించే 4800 × 1200, 5760 × 1440 లాంటి అంకెలు చిత్రం పిక్సెళ్లవి కావు. ఇంకు బొట్టు కాగితం మీద ఎంత దగ్గర దగ్గరగా పడగలదో చెప్పే అంకెలవి. ప్రింటర్ దగ్గర ఉన్నవి నాలుగు రంగులే. ఇటుక ఎరుపులో ఒక్క ఛాయ రావాలంటే ఆ నాలుగింటి బొట్లనూ పక్కపక్కన ఎన్నో చల్లాలి. అందువల్ల డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) చిత్రాన్ని సాధారణంగా కేనన్, హెచ్‌పీల్లో 300 లేదా 600, ఎప్సన్‌లో 360 లేదా 720 దగ్గరే తీసుకుంటుంది. ఫైలును అంతకు మించి సాగదీస్తే సైజు పెరుగుతుందే తప్ప గోడ బాగుపడదు.

కంటి సంగతి కూడా చూడాలి. మామూలు చూపున్న కన్ను 30 సెం.మీ. దూరం నుంచి విడిగా గుర్తుపట్టగలిగే కనీస దూరం దాదాపు 0.09 మి.మీ. అంటే 300 డీపీఐ పిక్సెల్ అంత. లేఅవుట్‌ను ఎవరూ ముక్కు ఆనించి చూడరు. 60 సెం.మీ. దూరం నుంచి ఆ హద్దు రెట్టింపవుతుంది, ఓఓ సున్నం గీత దాని కన్నా సన్నం. అక్కడి నుంచి కంటికి అందేది గీత కాదు, గోడ మొత్తం మీద రంగు ఎంత లేతబడిందన్నదే. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఫోన్ కెమెరా భవనానికి జానెడు దూరంలోకి వెళ్లిపోతుంది, కంటికి ఆనని చుక్కలన్నీ తెర మీద బయటపెడుతుంది. ఫొటోలు తీసి నలుగురికీ చూపించాలనుకునేవారికి మంచి డ్రైవర్ సెట్టింగ్, నునుపైన కాగితం అవసరం. మిగతావారు ఈ అంకెల పోటీని వదిలేసి ఇంకు వైపు చూడటం మేలు.

డై ఇంకు, పిగ్మెంట్ ఇంకు

డై ఇంకులో రంగు నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నని రేణువులుగా తేలుతుంది, నీరు ఆరాక ఆ రేణువులు కాగితం పైపొరలో చిక్కుకుని నిలుస్తాయి. అట్ట భవనాలకు ప్రింటర్ ఎంచుకోవడంలో ఇంతకన్నా ముఖ్యమైన తేడా లేదు. ఎందుకంటే ఈ పనిలో అందరూ వాడే తెల్ల పీవీఏ జిగురులో నీళ్లుంటాయి.

డై ఇంకుతో తీసిన 80 జీఎస్‌ఎం ఇటుకల షీటు వెనక పీవీఏ పూసి చూస్తే సంగతి వెంటనే తెలుస్తుంది. తడి కాగితం ఉబ్బుతుంది, ముందువైపుకు ఊరుతుంది. సున్నం గీతలు ముందు గులాబీ రంగు తిరుగుతాయి. బుడగలు పోవడానికి వేలితో రుద్దితే ఎరుపు ఆ గీతల మీదికి అలుక్కుపోతుంది. మూల దగ్గర కాస్త జిగురు బయటికి పొంగి, దాన్ని తడిబట్టతో తుడిస్తే అక్కడ ఇటుకలే ఉండవు. అదే పని పిగ్మెంట్ షీటుతో చేస్తే కాగితం ఉబ్బుతుంది గానీ రంగు కదలదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఇళ్లలో వాడే చాలా ఇంక్‌జెట్‌లలో నలుపు మాత్రమే పిగ్మెంట్, మిగతా మూడు రంగులూ డై. ప్రకటనలో పిగ్మెంట్ నలుపు అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కొన్నవారు యంత్రం మొత్తం నీటికి తట్టుకుంటుందనుకుంటారు. ఇటుక ఎరుపు వచ్చేది మాత్రం మెజెంటా, పసుపు, కాస్త సయాన్ కలిసి. ఆ మూడూ డైలే. ఇంకు ట్యాంకు ప్రింటర్లలోనూ ఎక్కువ భాగం ఇదే ఏర్పాటు. నాలుగు రంగులూ పిగ్మెంట్‌గా ఉండేవి సాధారణంగా చిన్న ఆఫీసుల కోసం చేసిన వరుసలు. ఎప్సన్ డ్యూరాబ్రైట్ ఇంకు వాడే మోడళ్లు, కేనన్ మ్యాక్సిఫై, హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రో ఆ కోవకు చెందుతాయి. అయినా వరుస పేరు చూసి కొనేయకూడదు. కొనబోయే మోడల్ స్పెసిఫికేషన్‌లో ఒక్కో రంగు ఎదుట ఏ ఇంకు అని రాశారో చూసుకోవాలి.

నలుపు విషయంలో ఇంకో తిరకాసు. రెండు రకాల ఇంకులూ ఉన్న ప్రింటర్లలో ఏ నలుపు వాడాలో చాలావరకు డ్రైవర్‌లో ఎంచుకునే కాగితం రకాన్ని బట్టి తేలుతుంది. ప్లెయిన్ పేపర్ అని పెడితే పిగ్మెంట్ నలుపు పడుతుంది. ఫొటో పేపర్ అని పెడితే చాలా మోడళ్లు దాన్ని పక్కన పెట్టి డై రంగులు కలిపి నలుపు చేస్తాయి. నాణ్యత పెరుగుతుందని సెట్టింగ్ మార్చినవారి పలక కప్పులు కాస్త గోధుమ లేదా ఆకుపచ్చ ఛాయకు తిరిగి, పైగా తడికి కారడం మొదలెట్టేది ఇందుకే. యంత్రం చెడిపోలేదు, దానికి వేరే కాగితం అని చెప్పామంతే.

పిగ్మెంట్ రంగులు మామూలు కాగితం మీద కాస్త మందకొడిగా ఉంటాయన్న ఫిర్యాదు ఉంది. నిజమే. కానీ పొగచూరిన ఇంజను షెడ్డు గోడకు మెరిసే ఎరుపు దేనికి? ఫొటోకు లోపమైనది ఇక్కడ సుగుణం. వెలిసిపోవడంలోనూ పిగ్మెంట్‌దే పైచేయి. డై రంగులు లైటుకు వెలిసేటప్పుడు అన్నీ ఒకే వేగంతో వెలవవు, కాబట్టి గోడ లేతబడటంతో ఆగదు, దాని రంగే మారిపోతుంది. కిటికీ వైపున్న గోడ ఒక తీరుగా, నీడ వైపు గోడ ఇంకో తీరుగా మిగులుతాయి.

లేత సయాన్, లేత మెజెంటా లాంటి అదనపు ఇంకులున్న ఆరు రంగుల ఫొటో ప్రింటర్లు ఆకాశం, చర్మం లాంటి లేత ఛాయలను నునుపుగా ఇస్తాయి. లేఅవుట్ వెనక నిలబెట్టే నేపథ్య చిత్రానికి అవి బాగుంటాయి. ఇటుక గోడకు అంత హంగు అక్కర్లేదు.

లేజర్ ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ పగులుతుంది

టోనర్ అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. ఫ్యూజర్ అనే వేడి రోలర్ల భాగంలో అది కరిగి కాగితానికి అంటుకుంటుంది. నీళ్లు దాన్ని ఏమీ చేయలేవు. పీవీఏ పొంగినా తుడిచేయవచ్చు. ప్రింటు వచ్చిన మరుక్షణం పని మొదలెట్టవచ్చు, ఆరడం కోసం చూడనక్కర్లేదు. నెలల తరబడి వాడకుండా వదిలేసినా మళ్లీ ఆన్ చేయగానే పనిచేస్తుంది. బోర్డు మీద అక్షరాలు, తెల్ల గోడ మీద నల్ల కలప పట్టీలు, కిటికీ కమ్ములు లాంటి ఖచ్చితమైన అంచులు లేజర్‌లో పదునుగా వస్తాయి.

ఇబ్బంది ఏమిటంటే ఆ ప్లాస్టిక్ పొర కాగితంలోకి ఇంకదు, పైనే కూర్చుంటుంది. మడత పెడితే పగిలి తెల్ల గీత బయటపడుతుంది. భవనంలో మడత వచ్చేది మూల దగ్గర, చూసేవారి కన్ను ముందు పడేదీ అక్కడే. మందపాటి అట్ట మీద ఇది మరీ ఎక్కువ. దీనికి మందు లేకపోలేదు. మడత గీతను కత్తితో కోయకుండా మొద్దు మొనతో నొక్కి, నెమ్మదిగా మడిచి, తేలిన తెలుపును అదే ఛాయ రంగు పెన్సిలుతో కప్పాలి. అయితే ఇరవై కిటికీలు, ఎనిమిది మూలలు ఉన్న భవనానికి ఇది చిన్న పనేమీ కాదు. పలచని కాగితాన్ని బోర్డు చుట్టూ తిప్పి అంటించే మొదటి పద్ధతిలో ఈ పగుళ్లు తక్కువ.

రెండో లోపం మెరుపు. టోనర్ దట్టంగా పడిన చోట కాగితానికి నిగనిగ వస్తుంది. ముదురు రంగు కప్పులు లైటు కింద తడిసినట్టు కనిపిస్తాయి. మ్యాట్ వార్నిష్ స్ప్రే పలచగా రెండు పూతలు వేస్తే పోతుంది. కానీ సాల్వెంట్ ఉన్న కొన్ని జిగుర్లు, స్ప్రేలు టోనర్‌ను మెత్తబరుస్తాయి. ముందు పనికిరాని ముక్క మీద చూసుకోవాలి.

లేత రంగులను లేజర్ క్రమమైన వరుసల్లో చుక్కలు పేర్చి ఇస్తుంది. ఇంక్‌జెట్ బొట్లు చెల్లాచెదురుగా పడతాయి. అందుకే రాతి గోడ, వాన మరకలు, పాచి పట్టిన మొదళ్లు ఇంక్‌జెట్‌లో సహజంగా ఉంటాయి. లేజర్‌లో లేత బూడిద రంగు సున్నం గీత గీతలా పడక చుక్కల వరుసగా తెగిపోవచ్చు. పైగా నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి విడివిడిగా పడతాయి. వాటిలో ఒక్కటి 0.1 మి.మీ. జరిగినా అది దాదాపు ఒక సున్నం గీత వెడల్పు. తెల్ల కిటికీ చట్రానికి ఒకవైపు గులాబీ అంచు కనిపిస్తే అర్థం ఇదే. యంత్రంలోనే ఉండే క్యాలిబ్రేషన్ నడిపితే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇంక్‌జెట్ కోసం పూత పూసిన కాగితాన్ని లేజర్‌లో పెట్టకూడదు. ఆ పూత ఫ్యూజర్ వేడికి కరిగి రోలర్‌కు పట్టుకుంటే మరమ్మతు ఖర్చు పెద్దదే.

అట్ట ఎటు నుంచి వెళ్తుంది?

ఇది బొమ్మలో కనిపించని విషయం, అందుకే చాలామంది కొన్నాకే గమనిస్తారు. ముందువైపు ట్రే ఉన్న ప్రింటర్లలో కాగితం లోపలికి వెళ్లి, రోలర్ చుట్టూ పూర్తిగా వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకే వస్తుంది. 80 జీఎస్‌ఎం కాగితానికి ఈ మలుపు లెక్కలోది కాదు. 200 జీఎస్‌ఎం అట్ట అక్కడ ఆగిపోతుంది. లేదా వంకర తిరిగి బయటికి వచ్చి, ఆ వంపు వదలకుండా గోడ పొడవునా ఉండిపోతుంది. వెనక నుంచి వాలుగా లేదా తిన్నగా వెళ్లే దారి ఉంటే ఈ బాధ ఉండదు. లేజర్లలో ముందు మాన్యువల్ ఫీడ్, వెనక తలుపు తెరిస్తే నేరుగా బయటికి వచ్చే దారి ఉన్నాయేమో చూడాలి. స్పెసిఫికేషన్‌లో కాగితం బరువుకు ట్రేకు ఒక అంకె, వెనక దారికి ఇంకో అంకె ఇస్తారు. ప్రకటనలో కనిపించేది ఆ రెండింటిలో పెద్దది.

జీఎస్‌ఎం బరువు కొలత, మందం కొలత కాదు. ఒకే 200 జీఎస్‌ఎంలో గట్టిగా నొక్కిన అట్ట పలచగా, మెత్తటి అట్ట దళసరిగా ఉంటాయి. రోలర్ల మధ్య సందుకు తెలిసేది మందమే. పీచు దిశ కూడా లెక్కలోకి వస్తుంది. అట్ట పీచు వెంబడి తేలిగ్గా మడత పడుతుంది, అడ్డంగా మొండికేస్తుంది. ఏ4 షీట్లలో పీచు సాధారణంగా పొడవు దిశలో ఉంటుంది, షీటు ప్రింటర్‌లోకి వెళ్లేది పొట్టి అంచు ముందుగా. అంటే రోలర్ చుట్టూ అట్టను మొండికేసే దిశలోనే వంచుతున్నామన్నమాట.

ఇంక్‌జెట్‌లో మందపాటి అట్ట అంచు కాస్త పైకి లేచినా ప్రింట్ హెడ్‌కు రాసుకుని నల్ల మరక పడుతుంది. చాలా డ్రైవర్లలో హెడ్‌ను కాస్త పైకి లేపే సెట్టింగ్ ఉంటుంది, కాగితం రాపిడి నివారణ అనో మందపాటి కాగితం అనో దానికి పేరు. లేజర్‌లో మందపాటి కాగితం అని ఎంచుకోకపోతే ఫ్యూజర్ వేగం తగ్గదు, టోనర్ సరిగా కరగదు, గోరుతో గీకితే ఇటుకలు రాలిపోతాయి.

ఏ3 ప్రింటర్ కావాలా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఏ4లో అంచులు పోను 287 మి.మీ. పొడవు దొరుకుతుంది. ఓఓలో 4 మి.మీ. ఒక అడుగు కనుక అది 71 అడుగుల గోడ. సరుకుల షెడ్డు, వంతెన కమానుల వరుస లాంటివి తప్ప మిగతావి ఇందులో ఇముడుతాయి. పొడవైన గోడల్లో అతుకును వాననీటి గొట్టం వెనకో గోడ దన్ను వెనకో దాచవచ్చు. అతుకుల కోసమే ఏ3 కొనడం అనవసరం.

కొలత తప్పితే

కిట్ షీటు నూటికి నూరు శాతం సైజులో పడాలి. పీడీఎఫ్ తెరిచే ప్రోగ్రాములు చాలావరకు పేజీకి సరిపెట్టు అన్న ఎంపికనే ముందుగా పెట్టి ఉంచుతాయి. ఏ4 కోసం గీసిన షీటును లెటర్ సైజు కాగితానికి సరిపెడితే దాదాపు 94 శాతానికి కుంచించుకుపోతుంది. 200 మి.మీ. గోడ 188 అవుతుంది. ఆ 12 మి.మీ. ఓఓలో మూడు అడుగులు. అన్ని షీట్లూ ఒకే తీరుగా తగ్గాయి కదా, భవనం కాస్త చిన్నదవుతుందంతే అనుకోవడానికి వీల్లేదు. షీటు తగ్గింది గానీ 2 మి.మీ. బోర్డు 2 మి.మీ.గానే ఉంది. బోర్డు మందానికి వదిలిన గాడులన్నీ బిగుసుకుపోతాయి, మూలలు కలవవు. అంచుల్లేని ప్రింటు అన్నది ఎంచుకుంటే దీనికి విరుద్ధంగా చిత్రం కొద్దిగా పెరుగుతుంది.

సెట్టింగ్ సరిగా ఉన్నా ఏ యంత్రమూ రెండు దిశల్లో అచ్చం ఒకేలా ఉండదు. అడ్డంగా కొలత హెడ్ కదలికది, నిలువుగా కొలత రోలర్ కాగితాన్ని జరిపే తీరుది. 180 మి.మీ. అడ్డగీత, 250 మి.మీ. నిలువు గీత ఉన్న పేజీ ఒకటి తీసి స్టీలు రూలర్‌తో కొలిస్తే తేడా తెలుస్తుంది. నిలువులో అర శాతం తేడా ఉన్నా 250 మి.మీ.కు ఒకటింపావు మి.మీ. వస్తుంది. గోడను నిలువు పేజీలో, దాని మీద కూర్చునే కప్పును అడ్డ పేజీలో తీస్తే ఆ ఒకటింపావు చూరు దగ్గర ఖాళీగా తేలుతుంది. ఒకదానితో ఒకటి కలిసే ముక్కలను ఒకే దిశలో, ఒకే యంత్రం మీద తీయడం దీనికి సులువైన ఉపాయం.

లేజర్ షీట్లకు ఇంకో మెలిక. ఫ్యూజర్ వేడికి కాగితంలోని తేమ పోయి అది కొంచెం ముడుచుకుంటుంది, తర్వాత గాలిలోంచి తేమ పీల్చుకుని మళ్లీ సాగుతుంది. పీచుకు అడ్డంగా ఈ సాగుడు ఎక్కువ. తీసిన వెంటనే కొలిచి కోయకుండా షీట్లను కొన్ని గంటలు పరిచి ఉంచాలి.

ఖర్చు లెక్క

కార్ట్రిడ్జ్ వెయ్యి పేజీలు ఇస్తుందంటే ఎలాంటి పేజీలు? ఆ అంకెలు ఆఫీసు కాగితాల లాంటి పరీక్ష పేజీల మీద తీసినవి. పేజీలో ఒక్కో రంగు సుమారు 5 శాతం మేరే పరుచుకుంటుందన్నది వాటి వెనక ఉన్న మామూలు లెక్క. ఇటుకల షీటులో తెల్ల జాగా దాదాపు ఉండదు. మెజెంటా 50 శాతం పడిందనుకుంటే వెయ్యి పేజీల కార్ట్రిడ్జ్ వంద షీట్లకే ఖాళీ. పైగా రంగులు సమంగా ఖర్చు కావు. ఎరుపు ఇటుకలు కట్టేవారికి మెజెంటా, పసుపు ముందు అయిపోతాయి, సయాన్ అలాగే మిగిలిపోతుంది. మూడు రంగులూ కలిసి ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉండే చవక ప్రింటర్లు ఈ పనికి అన్నిటికన్నా ఖరీదైనవి.

ఈ లెక్క చూసే చాలామంది ట్యాంకు ప్రింటర్ల వైపు మొగ్గుతారు. ఇంకు చవకే, కాదనలేం. రంగులు డై అన్న సంగతి మర్చిపోకుండా, నీళ్లు లేని లేదా తడి తక్కువగా ఉండే జిగురు వాడితే నడిచిపోతుంది. కాగితాన్ని బోర్డుకు అంటించడానికి జిగురు స్ప్రే లేదా పూర్తిగా ఆరనిచ్చిన షీటు మీద పలచగా గ్లూ స్టిక్ పనికొస్తాయి. ముందువైపు మ్యాట్ వార్నిష్ వేస్తే వేలి చెమటకూ, మూలల్లో పొంగే జిగురుకూ రక్షణ. కానీ వెనక నుంచి ఊరే తడిని ఆ వార్నిష్ ఆపలేదు. ఈ తేడా తెలియక, వార్నిష్ వేశాం కదా అని వెనక పీవీఏ దట్టించి షీటు పాడుచేసుకునేవారు ఎందరో.

ఇంక్‌జెట్‌కు మరో ఖర్చు ఖాళీగా ఉండటం. వారాల తరబడి వాడకపోతే నాజిల్‌లో, అంటే ఇంకు చిమ్మే సన్నని రంధ్రంలో, ఇంకు ఎండుతుంది. దాన్ని వదిలించడానికి చేసే క్లీనింగ్‌లో ఇంకు నేరుగా వ్యర్థాల పెట్టెలోకి పోతుంది. వారానికోసారి చిన్న రంగుల పేజీ తీయడం చవక.

ఇన్ని లెక్కల తర్వాత తేలేది ఇదీ. క్రమం తప్పకుండా కట్టేవారికి, ముఖ్యంగా కాగితాన్ని బోర్డుకు అంటించే పద్ధతిలో ఉన్నవారికి, నాలుగు రంగులూ పిగ్మెంట్‌గా ఉండి వెనక దారి ఉన్న ఇంక్‌జెట్‌ను మించినది లేదు. దాన్ని పూత లేని నునుపు కాగితం లేదా మ్యాట్ కాగితంతో వాడాలి, మెరిసే గ్లాసీ కాగితం జోలికి పోకూడదు. ఏడాదికి ఒకటో రెండో భవనాలు కట్టేవారు ఇంక్‌జెట్ కొని నాజిళ్లు కడుగుతూ కూర్చోవడం దండగ. ఇంట్లో వేరే పనులకూ పనికొస్తుందంటే రంగుల లేజర్ సరైనది. లేదంటే ఫైలు పట్టుకుని బయట డిజిటల్ ప్రింటింగ్ చేసేచోటికి వెళ్లడమే నయం. అక్కడి యంత్రాలు మందపాటి అట్టను సునాయాసంగా లాగుతాయి. సైజు మార్చవద్దని చెప్పి, మొదటి షీటును అక్కడే కొలిస్తే చాలు. ఇప్పటికే డై ప్రింటర్ ఉన్నవారు దాన్ని మార్చే ముందు జిగురు మార్చి చూడటం మంచిది. ఎక్కువమందికి అక్కడితోనే సమస్య తీరుతుంది.

కొనే ముందు అవకాశం దొరికితే ఒక్క పేజీ తీయించాలి. అందులో ఒక పక్క 600 డీపీఐ ఇటుకలు, ఒక పక్క ముదురు బూడిద పలకలు, మధ్యలో రెండు కొలత గీతలు ఉంటే సరిపోతుంది. గీతలు కొలవాలి, పలకలను లైటు కింద వంచి మెరుపు చూడాలి, ఇటుకల మీదుగా ఒక మడత పెట్టాలి. అరగంట ఆగి, మిగిలిన ఇటుకల మీద తడి వేలు గట్టిగా రాయాలి. ఆ తర్వాత ఏ యంత్రం కొన్నా, ఒక భవనానికి కావాల్సిన షీట్లన్నీ ఒకే విడతలో, ఒకే కాగితం కట్టలోంచి తీసుకోవాలి. ఇటుకల షీటు ఒకటి అదనంగా తీసి ఉంచుకోవాలి. సగం కట్టాక కార్ట్రిడ్జ్ మారిస్తే కొత్త గోడ పాత గోడతో కలవకపోవచ్చు, పొగగొట్టానికి ముక్క తక్కువపడేది ఎప్పుడూ అప్పుడే.